ఒంటిచేతి నమస్కారం

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఏమిటంటే, మా వారి చెయ్యి వైర్లెస్ సెట్టు లోపల ఉండగా ఎవరో వచ్చి స్విచ్చి వేస్తారని.

గోదావరి నడుమ లంకలో కాపురం చేసేదానికి వరదంటే భయం ఉండాలి, పామంటే భయం ఉండాలి. పదకొండు నెలల పిల్ల తల్లికి పిల్ల నీళ్ళలో పడుతుందని భయం ఉండాలి. అవీ ఉన్నాయి, లేవనను. అయితే వాటి సంగతి చెబితే నలుగురూ అయ్యో అంటారు. స్విచ్చి సంగతి చెబితే నవ్వుతారు. అందుకని దీన్నే ముందు చెప్పేశాను.

నా పేరు లీలావతి. రెండో ఫారం సగంలో ఉండగా పెళ్ళి కుదిరి బడి మానిపించారు. ఆ మిగతా సగం పుస్తకంలో ఏముందో నాకిప్పటికీ తెలియదు. బహుశా కరెంటు గురించే ఉండి ఉంటుంది. మా వారు యుద్ధం రోజుల్లో పట్టాళంలో చేరి వైర్లెస్ సెట్లు బాగుచెయ్యడం నేర్చుకుని వచ్చారు. యాభై మూడులో గోదావరి ఊళ్ళ మీదికి వచ్చి వెళ్ళాక, ఇకమీదట నీరు ఎంత పెరుగుతోందో ముందే తెలియాలని పైవాళ్ళకి తోచింది. కొత్తపేటకి దిగువన మా లంకలో ఒక వరద బంగళా కట్టి, అందులో ఒక సెట్టునూ, దానికి తోడు మా వారినీ పెట్టారు. రోజుకి మూడుసార్లు ఏటి ఒడ్డున పాతిన కొలతరాయి చూసి, నీరు ఎన్ని అడుగులుందో సెట్టులో చెప్పాలి. అవతలివాళ్ళు చెప్పింది విని రాసుకోవాలి. మిగతా పొద్దంతా సెట్టు చెడిపోకుండా చూసుకోవాలి. బంగళా వెనక ఉన్న రెండు గదుల్లో మా కాపురం.

కరెంటు లేని ఊరు కనుక సెట్టు బ్యాటరీ మీద నడుస్తుంది. బ్యాటరీయే కదా, ఏం చేస్తుందిలే అని ఊళ్ళో అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. లోపల చిన్న మోటారొకటి గిర్రున తిరిగి ఆ పన్నెండు వోల్టులనీ ఐదారు వందలు చేసి పెడుతుందని మా వారు చెప్పిన రోజు నుంచి నాకు మనసు మనసులో లేదు. అంతటితో ఊరుకున్నారా అంటే లేదు. స్విచ్చి తీసేశాక కూడా కండెన్సరు అనే డబ్బీలో ఆ కరెంటు కాసేపు దాక్కుని ఉంటుందట. మా అత్తగారి కోపం లాంటిదన్నమాట. ఆవిడ మాట్లాడటం మానేసిందంటే కోపం పోయిందని కాదు.

దీనికి ఆయన దగ్గర పట్టాళం పద్ధతులు ఉన్నాయి, కాయితం మీద రాసి గోడకి తగిలించారు. సెట్టు విప్పేముందు ఉంగరం, గడియారం, వెండి మొలతాడు తీసి గూట్లో పెడతారు. కాళ్ళ కింద పొడి చెక్క వేసుకుంటారు. ఫ్యూజు పీకి తన దగ్గర పెట్టుకుంటారు. చెక్కపిడి ఉన్న ఇత్తడి కడ్డీ ఒకటి ఉంది. దానికి కట్టిన తీగ భూమిలోకి పోతుంది. ఆ కడ్డీతో కండెన్సరుని తాకి, దాక్కున్న కరెంటుని దింపేశాకే చెయ్యి పెడతారు. సెట్టు నడుస్తుండగానే కొలిచి చూడక తప్పని పని ఒక్కోసారి వస్తుంది. అప్పుడు కుడిచెయ్యి ఒక్కటే లోపలికి వెళ్ళాలి. ఎడమచెయ్యి వీపు వెనక ఉండాలి.

అదెందుకని అడిగాను.

"రెండు చేతులూ తగిలితే, కరెంటు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి పోద్ది లీలా. దారిలో గుండె ఉంది," అన్నారు, రావులపాలెం వెళ్ళే దారిలో ఏమేం ఊళ్ళు తగులుతాయో చెప్పినట్టు.

స్విచ్చి ముట్టుకోవద్దని ఇంగ్లీషులో ఎర్రక్షరాలతో రాసిన రేకొకటి సెట్టుతో పాటే వచ్చింది. పని చేస్తున్నంతసేపూ మా వారు దాన్ని స్విచ్చికి తగిలించేవారు. బంగళాలో పై పనులు చూసే లస్కరు జగ్గారావు దాని మీద తువ్వాలు ఆరేసుకునేవాడు. ఒకనాడు మా వారు బల్ల కింద దూరి పని చేసుకుంటుంటే, నీటిమట్టం చెప్పే వేళయిందని తలచి, పాపం సాయం చేద్దామనే, రేకు పక్కకి జరిపి స్విచ్చి వేశాడు. ఫ్యూజు పీకి ఉంది కనుక ఏమీ కాలేదు. ఏమీ కాలేదని ఆయన నాకు నవ్వుతూ చెప్పారు. నేను పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఆ పూట అన్నం తినలేకపోయాను.

మర్నాటి నుంచి రెండు మార్పులు చేశాను. ఆయన సెట్టు విప్పితే ఫ్యూజు నా కొంగున కట్టుకుంటాను. నేను ముడి విప్పితేనే సెట్టు మళ్ళీ బతుకుతుంది. రెండోది, అట్టముక్క మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి గోడ మీది స్విచ్చికి కట్టడం. ఫలానా వారు పని చేస్తున్నారు అని రాయాలంటే ఆయన పేరు రాయాలి. నోటితో చెప్పని పేరు చేత్తో మటుకు ఎలా రాస్తాను? చాలాసేపు ఆలోచించి ఇలా రాశాను: "మా వారి చెయ్యి లోపల ఉంది. స్విచ్చి ముట్టుకోకండి."

ఊరంతా వచ్చి చదివి వెళ్ళింది. చదువు రానివాళ్ళు చదివించుకుని మరీ వెళ్ళారు. రేకు మాట ఒక్కరూ వినలేదుగానీ అట్ట కట్టాక జగ్గారావు ఆ గోడ దరిదాపులకి రావడం మానేశాడు. అతని భార్య నూకాలమ్మ కాలవ దగ్గర నన్ను చూస్తే చాలు, బిందె దించి మరీ అడిగేది.

"ఏమండీ లీలావతిగారూ, మీ వారి చెయ్యి బయటికొచ్చేసిందాండీ, ఇంకా లోపలే ఉందాండీ?"

నవ్వితే నవ్వనీ అనుకున్నాను. ఒకసారి మాత్రం ఫ్యూజు కొంగుననే ఉంచుకుని మునసబుగారింటికి పేరంటానికి వెళ్ళిపోయాను. వాయనం పుచ్చుకుని, పిల్లకి ఉగ్గు పెట్టుకుని వచ్చేసరికి గంట దాటింది. ఆ గంటసేపు గోదావరి ఎంత పెరిగిందో పైవాళ్ళకి తెలియలేదు. వాతావరణం అనుకూలించలేదని మా వారు పుస్తకంలో రాశారు.

ఇలా జరిగిపోతుండగా ఒక ఉదయం కాశీవిశ్వనాథంగారు లాంచీ దిగారు. ఆ జిల్లాలో ఉన్న వరద సెట్లన్నిటి మీదా ఆయన పెద్ద. సెట్టు లోపల ఏముంటుందో చూసే అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదట, అంత పెద్ద. మా మునసబు కేశవరావుగారు రేవు దగ్గర ఎదురెళ్ళి, గొడుగు పట్టించి తీసుకొచ్చారు.

సరిగ్గా ఆ వేళకి సెట్టు సరిగా పలకడం లేదని మా వారు దాన్ని విప్పి, నడుస్తుండగానే కొలిచి చూస్తున్నారు. కుడిచేతిలో మీటరు తీగకున్న కొలత ముల్లు, ఎడమచెయ్యి వీపు వెనక. ఫ్యూజు దాని చోటులో ఉంది, నా కొంగు ఖాళీగా ఉంది. అందుకని నేను పిల్లని చంకనేసుకుని గుమ్మంలో, ఫ్యూజు పెట్టె పక్కనే నిలబడ్డాను.

అడుగుల చప్పుడు విని మా వారు తల తిప్పకుండానే నమస్కారమండీ అన్నారు, ఒక్క నిమిషం అక్కడే ఉండండి అన్నారు. అక్కడే ఉండమని కాశీవిశ్వనాథంగారితో ఎవరైనా అని ఎన్నేళ్ళయిందో. ఆయన ఉన్నారు. కేశవరావుగారు రెండుసార్లు దగ్గారు.

"గంగాధరరావూ, అయ్యగారు వచ్చేరయ్యా."

"ఆయ్, విన్నానండి," అన్నారు మా వారు. వీపు వెనక చెయ్యి వీపు వెనకే ఉంది.

కోనసీమలో గిట్టనివాడు ఎదురైనా రెండు చేతులూ కలుపుతాం. తిట్టదలచుకున్నా చివర అండీ అంటాం. అలాంటిచోట అంత అధికారి వచ్చి గదిలో నిలబడితే ఒక చెయ్యి దాచుకుని ఉండటం అంటే మాటలు కాదు. కేశవరావుగారి ముఖం చూడలేక నేను పిల్ల ముఖం చూశాను. కాశీవిశ్వనాథంగారు తనిఖీ కాయితం ఒకటి చాచారు. మా వారు ముల్లు బయటికి తీసి, ఆ కుడిచేత్తోనే కాయితం అందుకుని బల్ల మీద పెట్టారు.

"ఎడంచేతికి దెబ్బేమైనా తగిలిందా?" అని అడిగారు కాశీవిశ్వనాథంగారు. చాలా మెల్లగా అడిగారు.

"లేదండి. తగలకూడదనండి."

ఆయనకి అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పే అలవాటూ లేదు. అన్నీ తెలిసినవారిలాగే సెట్టు దగ్గరికి వచ్చి, ఎడమచెయ్యి ఇనప మూత మీద ఆనించి, వంగి, లోపల వెలుగుతున్న గాజు బుడ్డిని చూసి కొత్త వాల్వు ఇదేనా అంటూ కుడిచెయ్యి లోపలికి చాచారు. ఆ చేతికి రెండు ఉంగరాలు, బంగారు గొలుసు గడియారం. మా వారు ముట్టుకోకండి అన్న మాటా, నేను ఫ్యూజు పీకిన చప్పుడూ ఒక్కసారే అయ్యాయి. మోటారు మూలిగి ఆగిపోయింది. ఆయన చెయ్యి అంగుళం దూరంలో ఉంది. మా వారు ఆ మణికట్టు పట్టుకుని వెనక్కి తెచ్చి, ఇత్తడి కడ్డీతో కండెన్సరుని తాకారు. ఠప్పుమని నీలంగా మెరిసింది.

కాశీవిశ్వనాథంగారు వెనక్కి నడిచి బ్యాటరీల పెట్టె మీద కూర్చోబోయారు. అక్కడ యాసిడ్ ఉంటుంది, కూర్చోకండి అన్నారు మా వారు. ఉండమన్నారు, ముట్టుకోవద్దన్నారు, ఇప్పుడు కూర్చోవద్దన్నారు. లెక్కకి మూడు.

ఆయన నిలబడే గడియారం సర్దుకున్నారు.

"సెట్టు ఎందుకాగిపోయింది?" అన్నారాయన చివరికి.

నేను కొంగు విప్పి చూపించాను. ఎప్పుడు కట్టుకున్నానో నాకే తెలియదు, చెయ్యి దాని పని అది చేసేసింది.

"నేనే తీసేనండి."

ఆయన నన్ను చూశారు, ఫ్యూజుని చూశారు, తరవాత గోడకి వేలాడుతున్న అట్ట చదివారు.

"ఎవరి వారమ్మా?"

"వారి వారేనండి," అన్నారు కేశవరావుగారు మా వారిని చూపిస్తూ, నాకు సాయంగా.

నిజం చెప్పాలంటే కాశీవిశ్వనాథంగారు చాలా మర్యాదస్తులు. కోప్పడలేదు. మా ఇంట్లోనే భోంచేశారు. పనసపొట్టు కూర మారు వడ్డించుకున్నారు. పిల్ల తల మీద చెయ్యి వేసి నూరేళ్ళు బతకమన్నారు. అది రెండు చేతులూ చాచి ఆయన గడియారం పట్టుకుంటే మురిసిపోయారు. తనకి ఆ పూట ఏం తప్పిందో ఆయనకి తెలియలేదు, మేం చెప్పలేదు. భోజనం చేస్తున్న మనిషితో మీరు పోయేవారండీ అని ఎలా అంటాం?

పది రోజులకి కాయితం వచ్చింది. మా వారు ఇంగ్లీషు చదువుకుని నాకు తెలుగులో చెప్పారు. తనిఖీ నడుమ సెట్టు ఆగిపోయింది. సర్కారు ఫ్యూజు ఉద్యోగంలో లేని ఒక స్త్రీ కొంగున దొరికింది. అనుమతి లేని అట్ట గోడకి వేలాడుతోంది. అన్నిటికీ మించి, ఆపరేటరు అధికారిని నిలబెట్టి ఒంటిచేత్తో కాయితం అందుకున్నాడు. కాబట్టి అతణ్ణి రాజోలు దిగువన సముద్రం వైపు కాలవ లాకుల దగ్గరున్న సెట్టుకి మార్చడమైనది.

దానికి తోడు అన్ని సెట్లకీ ఒక కొత్త ఉత్తరువు. అధికారులు వచ్చినపుడు ఆపరేటర్లు ఏ పనిలో ఉన్నా లేచి, రెండు చేతులూ జోడించి నమస్కరించవలెను. దీన్ని సెట్టు ఎదురుగా గోడకి తగిలించవలెను.

మా గోడకి ఉన్నది ఒకటే మేకు. దానికి పట్టాళం పద్ధతుల కాయితం వేలాడుతోంది. జగ్గారావు వచ్చి దాని మీదే ఈ ఉత్తరువు గుచ్చాడు. గుచ్చి, చక్కగా ఉందండీ అన్నాడు.

లాకుల దగ్గర సంసారానికి ఇల్లు లేదు. పిల్లనీ నన్నూ పుట్టింట్లో దింపి మా వారు పడవెక్కారు. అట్ట ఇస్తే పెట్టెలో అడుగున పెట్టుకున్నారుగానీ గోడకి కట్టనివ్వరని ఇద్దరికీ తెలుసు. ఫ్యూజు ఎవరి దగ్గర ఉంచుతారని అడిగాను. తన చొక్కా జేబులోనే ఉంచుకుంటానన్నారు. వారానికో కార్డు రాస్తున్నారు. అన్నిట్లోనూ కులాసా అనే ఉంటుంది. చొక్కా గురించి ఉండదు. ఆయన పనిలోకి దిగితే చెమటకి ఓర్చుకోలేక చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తారు. ఆ మాట ఆయన మరిచిపోయారు, నేను మరిచిపోలేదు. కొక్కెం మీద చొక్కా, చొక్కాలో ఫ్యూజు, వేళయిందని సాయం చెయ్యబోయే లస్కరు అక్కడా ఒకడు ఉండే ఉంటాడు. చొక్కా ఉతికి పెడదామని తీసి, జేబులో ఫ్యూజు కనబడితే దాని చోటులో పెట్టేసే మంచివాడే అయి ఉంటాడు, అదే నా భయం.

ఈ పత్రిక రాజోలు దాకా వెళ్తుందని మా అన్నయ్య చెప్పాడు. అందుకనే ఇదంతా రాశాను. చదివినవాళ్ళు ఎవరైనా పనుండి ఆ లాకుల మీదుగా వెళ్తే, ఒక్కసారి ఆగి, వైర్లెస్ గదిలోకి తొంగిచూడండి. గుమ్మం దగ్గరే ఉండండి, లోపలికి వెళ్ళకండి. మా వారు తల తిప్పకపోయినా, ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకుని ఒక్క నోటితోనే నమస్కారమండీ అన్నా కోపగించుకోకండి. అలా అన్నారని నాకొక కార్డు ముక్క రాసి పడేస్తే, మీ పేరు చెప్పుకుని ఆ పూట అన్నం తింటాను.

రెండు చేతులూ జోడించి దండం పెడితే మాత్రం మీరు తిరిగి దండం పెట్టకండి. ముందు ఆ చొక్కా ఎక్కడుందో చూడండి.