లోపలి ముక్క

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. మంచం మీద దగ్గుతూ అమ్మ, ఆమె వీపు రాస్తూ వదిన, చెప్పులైనా విప్పకుండా గోడకానుకున్న వదిన తమ్ముడు, గుమ్మంలో అన్నయ్య. కోళ్లు మాత్రం ఒక్కటీ లేవు. ఎప్పుడూ చెవులు చిల్లులు పడేలా గోల పెట్టే షెడ్డు నోరు మూసుకుంది.

ల్యాబులో పనిచేసే చెల్లెలు సంచితో వచ్చి మెట్టు మీదే ఆగిపోయింది. ఇంట్లో ఆమెకు పెట్టిన పేరు చాదస్తం. పాలు కాగాయా అంటే మూత తీసి చూసి గానీ చెప్పని మనిషి. అలాంటిది జన్మకొక్కసారి తొందరపడింది.

అన్నయ్య కోళ్లు తూలుతున్నప్పుడు నమూనాలు ఆమె ల్యాబుకే వెళ్లాయి. ఫ్లూ వైరస్ జన్యువు ఒకటే దారం కాదు, ఎనిమిది ముక్కలు. ఏ రకమో తేల్చేవి పైతొడుగుకు సంబంధించిన రెండు ముక్కలే. లోపలి ముక్కలను వైరస్‌లు ఒకదానితో ఒకటి మార్చుకుంటూనే ఉంటాయి, ఇరుగుపొరుగు జల్లెడ ఇచ్చిపుచ్చుకున్నట్టు. జల్లెడను చూసి ఇల్లెవరిదో చెప్పకూడదని అక్కడ చేరినరోజే నేర్పుతారు. కానీ ముందుగా చదవడానికి వచ్చింది లోపలి ముక్క. కంప్యూటర్లో ఉన్న పాత వైరస్‌లతో పోల్చి చూస్తే, కోళ్లు తూలి తేరుకునే మామూలు రకంతో అచ్చుగుద్దినట్టు కలిసింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఫోన్ చేసింది.

"అన్నయ్యా, భయం లేదు. మామూలుదే."

ఆ మాట పట్టుకుని అన్నయ్య, ఇంకా జబ్బు కనబడని కోళ్లను వేరుగా ఉంచుదామని ఈ బావమరిది షెడ్డుకు తోలాడు. మర్నాడు పైతొడుగు ముక్క చదివారు. చంపే రకం. తెల్ల దుస్తుల మనుషులొచ్చి రెండు షెడ్ల కోళ్లనూ చంపి ఊడ్చిపెట్టారు.

"రండి డాక్టరుగారూ," అన్నాడు వదిన తమ్ముడు. "మా కోళ్లు చచ్చాయా బతికాయా, ఇవాళే చెప్తారా, రేపు మారుస్తారా?"

"ఊరుకోరా," అంది వదిన, ఊరుకోమన్నట్టు కాకుండా.

"తప్పు నాదే అన్నయ్యా. నీ బెంగ చూడలేక..."

"తెలీదంటే పోయేది కదే! షెడ్డు తలుపేసుకుని కూర్చునేవాణ్ణి. వీడు వద్దంటుంటే, మా చాదస్తం చెప్పిందిరా, ఇక తిరుగులేదన్నాను."

"నీ మీద ప్రేమతోనే..."

"ప్రేమ ఎవడడిగాడే? నీ చాదస్తం కోసం నీకు పంపాను."

ఆమె సంచిలోంచి దూదిపుల్ల తీసింది. "నన్నెన్నయినా తిట్టు. అమ్మ ఆ కోళ్లకు మేత వేసింది. ఈ దగ్గు అదేనేమో. గొంతులో ఒక్కసారి తిప్పి తీసుకుపోతాను. తొందరగా తేలితే మందు పనిచేస్తుంది."

"రానివ్వరా దాన్ని," అంది అమ్మ మంచం మీంచి.

అన్నయ్య ఆ పుల్ల వంక చూశాడు.

"ఈసారి ఏ ముక్క చూసి చెప్తావే?"

ఆమె నోరు తెరిచేలోపే తలుపు వేసేశాడు.