అలమారా తలుపు మీది పేర్లు

మా షెల్టరుకు పిల్లుల్ని పెంచుకోవడానికి వచ్చేవాళ్ళంతా ముందు గదిలో కూనల దగ్గరే ఆగిపోతారు. వెనకాల ఇంకో గది ఉందని చాలామందికి తెలియనే తెలియదు. పళ్ళూడినవీ, మూత్రపిండాలు చెడినవీ, కళ్ళకు పొరలు కమ్మినవీ, వీటినిక ఎవరూ తీసుకెళ్ళరని తేలిపోయినవీ అక్కడ ఉంటాయి. ఆ గది నాది. ముప్ఫై ఒక్క ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా గొంతు చించుకున్నదాన్ని, రిటైరయ్యాక గొంతు పెగలకూడని పనిలో చేరాను. కోరి తలకెత్తుకున్నది, ఎవర్నీ అనడానికి లేదు.

గొంతు పెగలకూడదన్నదీ నేను పెట్టిన రూలే. గోడ మీద 'నిశ్శబ్దం' అని చేటంత అక్షరాలతో బోర్డు రాసి తగిలించాను. ఫోన్లు మోగకూడదు, గిన్నెలు కణకణమనకూడదు, చెప్పులు గుమ్మం బయటే. పక్కగదిలో బట్టలుతికే మిషనుంది. పిల్లులకు తినిపించడం పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా సాగుతుంది గనక ఆ మధ్యలో అది తిరగకూడదు. ఆ మిషను చూసేది మా ఆడపడుచు. ఎండంతా పోయాక దుప్పట్లు ఉతికితే అవి ఎప్పుడు ఆరతాయి వదినా అని ఆరేళ్ళపాటు నా ప్రాణం తోడేసింది. అదీ గుసగుసగానే, బోర్డుండేది కదా.

మాకు ఇంకో పద్ధతి ఉంది. పిల్లి పోతే, పోయిన తేదీ మేం ఎక్కడా రాయం. అది ఎలా తినేదో మందుల అలమారా తలుపు లోపలివైపు రాస్తాం. జబ్బుపడ్డ ముసలి పిల్లి చేత నాలుగు ముద్దలు తినిపించడమంటే మాటలు కాదు. దాని కిటుకు పట్టుకోవడానికి ఒక్కోసారి వారం పడుతుంది, ఈలోగా మనకు తిండి సయించదు. అంత కష్టపడి నేర్చుకున్నది పిల్లితోపాటు పోకూడదని రాసుకుంటాం.

'జడ్జిగారు: మనం వీపు తిప్పి కూర్చుంటే తింటాడు.' ఒంటికన్ను గండుపిల్లి. మనం చూస్తుంటే ముట్టేవాడు కాదు. వాడి కోసం గంటలు గంటలు గోడకేసి తిరిగి కూర్చుని, ఆ గోడ మీది బీటలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. 'పెద్దమ్మ: గిన్నెలో తినదు, డబ్బా మూతలో పెట్టాలి.' పంతొమ్మిదేళ్ళది, నోట్లో ఒక్క పన్ను లేదు. గిన్నె అంచు మీసాలకు తగిలితే చిరాకుపడి నన్ను కరిచేది, ఆ బోసినోటితోనే. 'ముక్కుపొడి: తిండి గోరువెచ్చగా ఉండాలి.' ఎప్పుడూ తుమ్ములే, చల్లటి తిండి వాసన దాని ముక్కుకి అందేది కాదు. ఇలా తవుడు వచ్చేనాటికి ఇరవై రెండు పేర్లు. ఆ తలుపు తీసినప్పుడల్లా నాకు ఏడుపు రాదు, పొగరొస్తుంది. ఇరవై రెండింటి చేతా తినిపించాం మరి.

అప్పటికి ఆ తలుపు మీద లేని పేరు ఒక్కటే, దూది. దూదికి బోర్డుంది కదా అని ఊరుకున్నాను.

తవుడు ఒక సోమవారం వచ్చింది. పిండిమర పిల్లి. ఆ పేరు మరాయన పెట్టిందే, రంగు అచ్చం అదే. పద్నాలుగేళ్ళు మరలోనే పుట్టి పెరిగింది. మరాయనకు మోకాళ్ళు పనిచెయ్యక మర మూసేసి కూతురింటికి చేరాడు. ఆ అల్లుడికి పిల్లి గాలి సోకితే చాలు ఆయాసం. అందుకని కూతురు దాన్ని బుట్టలో తెచ్చి, మా చేతుల్లో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. రెండు కళ్ళకూ పొరలు, చూపు ఆనదు. మూత్రపిండాలు కొంచెం దెబ్బతిన్నాయిగానీ, తింటే ఏడాది పైనే బతుకుతుందని మా డాక్టరమ్మ చెప్పింది. ఆ పిల్ల నా కూతురి వయసుది. అబద్ధం చెప్పదు, ఆమెతో వచ్చిన చిక్కల్లా అదే.

తింటే కదా. సోమవారం ముట్టలేదు, కొత్త కదా అనుకున్నాం. మంగళవారం నేను అలమారా తీసి పై పేరు నుంచి మొదలుపెట్టాను. జడ్జిగారి కోసం కూర్చున్నట్టే గోడకేసి తిరిగి కూర్చున్నాను. పెద్దమ్మ మూత బయటికి తీశాను. ముక్కుపొడికి చేసినట్టే గోరువెచ్చగా చేసి పెట్టాను. బుధవారం సాయంత్రానికి పద్దెనిమిది పేర్లయ్యాయి, గురువారం పొద్దున్నకి ఇరవై రెండూ అయిపోయాయి. తవుడు మాత్రం మూల ముడుచుకుని, మొహం గోడకు ఆనించి, పెట్టినచోటే ఉంది. వేలితో మూతికి రాస్తే నాక్కోనైనా లేదు. నా ఇరవై రెండు మందీ ఒక్కసారిగా నా చెయ్యి వదిలేశారనిపించింది.

గురువారం డాక్టరమ్మ చూసి తల అడ్డంగా ఊపింది. నాలుగు రోజులుగా సెలైన్ మీదే ఉందని, కాలేయం దెబ్బతింటోందని, మత్తిచ్చి తిండికి గొట్టం వేద్దామంటే ఈ వయసులో ఆ మత్తుకే పోతుందని చెప్పింది.

"సాయంత్రం ఐదింటిదాకా చూద్దాం కండక్టరమ్మా. అప్పటికీ తినకపోతే ఇక బాధపెట్టొద్దు. ఇంజెక్షన్ ఇచ్చి పంపించేద్దాం" అంది.

నాకు ఒళ్ళు మండింది. దానికింకా భూమ్మీద నూకలున్నాయని, టైము పెట్టడానికి ఇదేమన్నా బస్సా అని, నోటికొచ్చినవన్నీ అనేశాను. అంతా గుసగుసగానే. గుసగుసగా పోట్లాడి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. డాక్టరమ్మ అంతా విని, ఐదింటికి వస్తానని చెప్పి ముందు గదిలోకి వెళ్ళిపోయింది. ఆ ఓపిక చూసి నాకు ఇంకా మండింది.

రెండు గంటలప్పుడు మరాయన వచ్చాడు. కూతురికి చెప్పకుండా, కర్ర పట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చాడట. నలభై ఏళ్ళు మర మోతను మించి మాట్లాడినవాడు, ఆయనకు మామూలు గొంతంటే అరుపే.

"మా తవుడెక్కడమ్మా?" అన్నాడు గుమ్మంలోంచి, కిటికీ అద్దాలు అదిరేలా.

నేను పరుగున వెళ్ళి నోటి మీద వేలేసుకుని బోర్డు చూపించాను. పాపం, అది చదివి పెద్దమనిషి సగానికి సగం కుంచించుకుపోయాడు. అయితే నేనొకటి చూశాను. నాలుగు రోజులుగా కదలని తవుడి చెవి ఒకటి ఆ అరుపుకి ఇటు తిరిగింది. ఆయన గుసగుసలోకి దిగగానే మళ్ళీ వాలిపోయింది.

ఆయన దాని పక్కన కూలబడి వీపు నిమిరాడు. లోగొంతుతో పేరు పెట్టి పిలిచాడు. చేత్తో పెట్టాడు. అది తల తిప్పలేదు. ఆయన కళ్ళు తుడుచుకుంటూ, "అంత మోతలో కూడా శుభ్రంగా తినేదమ్మా. నేను స్విచ్చి వెయ్యగానే వచ్చి నా పక్కన బస్తా ఎక్కి కూర్చునేది. ఇక్కడ ఇంత ప్రశాంతంగా ఉంటే దీనికేమొచ్చింది?" అన్నాడు.

స్విచ్చి వెయ్యగానే. ఆ మాట నా బుర్రలో గిర్రున తిరిగింది. మోతలో కూడా తినడం కాదు, మోత ఉంటేనే తినేది. కళ్ళు కనబడని పిల్లికి తానెక్కడుందో, పక్కన ఎవరున్నారో ఆ మోతే చెప్పేది. మేం దాన్ని తెచ్చి, దీపం ఆర్పినట్టు చప్పుడంతా ఆర్పేసి, ఎందుకు తినవే తల్లీ అని బతిమాలుతున్నాం.

దిగ్గున లేచానుగానీ బోర్డు దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. దూది నా చేతికొచ్చిన మొదటి పిల్లి. తెల్లటిది, గుండెజబ్బుది, ఆకు కదిలినా అదిరిపోయేది. చేరిన మొదటి వారంలో గుమ్మంలో ఎవరితోనో నా బస్సు గొంతుతో పకపకా నవ్వుతూ మాట్లాడాను. దూది అలమారా వెనక దూరి రెండు రోజులు పచ్చిమంచినీళ్ళు ముట్టలేదు. దాన్ని నేనే చంపేస్తున్నానని ఏడ్చాను. మూడో రోజు నోరు కుట్టేసుకుని కూర్చుంటే బయటికొచ్చి తింది. తర్వాత ఏడు నెలలు బతికింది, ఆ ఏడు నెలలూ నేను గదిలో గొంతెత్తలేదు. అది పోయిన రోజున తలుపు మీద రాయబోతే చెయ్యి ఆడలేదు. బోర్డు రాసి అందరికీ తగిలించాను.

గడియారం చూశాను. మూడు కావస్తోంది. అది దూది, ఇది తవుడు అని నాకు నేను గట్టిగా చెప్పుకుని, తవుడిని దుప్పటితో సహా ఎత్తుకుని పక్కగదిలోకి నడిచాను. మరాయన గిన్నె పట్టుకుని వెనకే వచ్చాడు.

మిషను వెయ్యమంటే మా ఆడపడుచు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఇంకా మూడైనా కాలేదు వదినా. ఒంట్లో బాగానే ఉందా?" అంది.

వెయ్యవే అన్నాను. ఆ మిషను మా షెల్టరుకంటే పాతది. నీళ్ళు నిండేటప్పుడు సాధువు, పిండేటప్పుడు రాక్షసి. అప్పుడు గది దద్దరిల్లుతుంది, ఉన్నచోటు నుంచి జానెడు ముందుకు నడుస్తుంది కూడా. దుప్పట్లు బస్తాలో కుక్కి మిషనుకి ఆనించి, దాని మీద తవుడిని పడుకోబెట్టాం. మరాయన మరలో కూర్చున్నట్టే ఆ పక్కన పీట వేసుకుని కూర్చుని గిన్నె పట్టుకున్నాడు.

నీళ్ళు నిండాయి. తవుడు కదల్లేదు. బట్టలు అటూ ఇటూ దొర్లుతుంటే ఒక చెవి లేచింది. తర్వాత మిషను గొంతు పెంచింది, బస్తా వణికింది, నేల వణికింది. తవుడు తలెత్తింది. ముక్కు గాలిలో ఆడించింది. వణికే కాళ్ళ మీద లేచి, తడబడకుండా సూటిగా మరాయన మోకాలి దాకా వెళ్ళి, గిన్నెలో మూతి పెట్టి తినడం మొదలుపెట్టింది.

అప్పుడే మిషను టక్కున ఆగిపోయింది. పిండడం అయిపోయింది. తవుడు మూతికి తిండి అంటుకుని ఉండగానే తలెత్తి, మెల్లగా గోడకేసి తిరగసాగింది. మళ్ళీ నీళ్ళు నిండి తిరగాలంటే పావుగంట అని మా ఆడపడుచు చేతులు పిసుక్కుంది. ఏం చేస్తున్నానో నాకు తెలిసేలోపలే నా నోరు తెరుచుకుంది.

"పోస్టాఫీసు, పోస్టాఫీసు! దిగేవాళ్ళు ముందుకు రావాలి! ఫుట్‌బోర్డు మీద బాబూ, లోపలికి జరుగు, లోపలంతా ఖాళీయే! మార్కెట్ వాళ్ళు చిల్లర తీసి పెట్టుకోండి! రైట్ రైట్!"

ఆరేళ్ళుగా దాచుకున్న గొంతు అది, నాకే చెవులు గింగురుమన్నాయి. తవుడు ఆగింది. ఇటు తిరిగింది. మరాయనకు సంగతి అర్థమై, కర్రతో బకెట్టు మీద దరువేస్తూ, గోధుమలెవరివమ్మా, సన్నగా ఆడాలా బరకగా ఆడాలా అని అందుకున్నాడు. మా ఆడపడుచు ఇదే అదననుకుంది కాబోలు, ఎండ పోయాక ఉతికిన దుప్పట్ల గురించి ఆరేళ్ళ సణుగుడంతా ఎలుగెత్తి నన్ను దులిపేసింది. ఆ గోలలో తవుడు మళ్ళీ గిన్నెలో మూతి పెట్టింది.

డాక్టరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఇక్కడ తన్నుకు చస్తున్నామనుకుందట. నేను అరుపు ఆపకుండానే గిన్నె వైపు చెయ్యి చూపించాను. అప్పటికి నా బస్సు ఆస్పత్రి దాటింది, ఆ తర్వాతి స్టేజీ ఏమిటో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నా నోటికి అలవాటే.

"శ్మశానం! దిగేవాళ్ళున్నారా? ఎవరూ లేరు, పోనివ్వండి! రైట్ రైట్!"

డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని గిన్నెలోకి తొంగి చూసింది. సగం ఖాళీ అయింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆపకండి కండక్టరమ్మా. ఇంకా కొంచెం ఉంది" అంది.

ఆపలేదు. డిపో దాకా వెళ్ళి, తిరుగు ట్రిప్పు కూడా కొట్టాను. ఐదింటికి డాక్టరమ్మ ఇంజెక్షన్ తేలేదు, ఇంకో డబ్బా తిండి తెచ్చింది. నా గదిలో మిగతా ఐదు పిల్లులూ ఆ గోలకి ఏమైపోయాయో అని భయపడుతూ వెళ్ళి చూస్తే అన్నీ హాయిగా పడుకుని ఉన్నాయి. వాటిలో మూడింటికి చెవుడేనని, ఎప్పుడో రిపోర్టులో రాశానని డాక్టరమ్మ అంది. ఇన్నాళ్ళూ వాటి ముందా మనం గుసగుసలాడింది అని మా ఆడపడుచు నన్ను చూసి పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను, నా గొంతుతోనే.

తవుడు ఆ తర్వాత పదమూడు నెలలు తింది. బరువు పెరిగింది. మరాయన వారానికి మూడుసార్లు వచ్చి దాని పక్కన కూర్చుని అరిచి వెళ్ళేవాడు. ఇప్పుడది లేదు. కానీ దాని మాట తలుపు మీద రాసింది అది పోయాక కాదు, ఆ గురువారం సాయంత్రమే. బతికున్నదాని పేరు రాస్తావేంటి వదినా అని మా ఆడపడుచు అడ్డుపడింది. తిన్న రోజే రాయాలి, అది గెలిచిన రోజు అన్నాను. 'తవుడు: చప్పుడుంటే తింటుంది.'

కలం మూత పెట్టబోయి ఆగాను. గోడ మీది బోర్డు దించి కింద పెట్టాను. తలుపు మీద అన్నిటికంటే పైన, జడ్జిగారి పేరు మీద కాస్త చోటుంది. ఆరేళ్ళుగా అక్కడ ఎవరి పేరూ రాయనివ్వలేదు నేను. ఈసారి చెయ్యి ఆడింది.

'దూది: నిశ్శబ్దంగా ఉంటే తింటుంది. ఏడు నెలలు తింది.'

పక్కగదిలోంచి మరాయన, ఇంకొంచెం పెట్టమంటారా అమ్మా అని అరిచాడు. పెట్టండి అని నేనూ అరిచాను.