మూతి మడిచిన బీడీ

"ఏందే కల్పనా, గా మూతి? పిల్లి కొరికినట్టున్నది. ఇప్పి మల్ల చెయ్యి."

పక్కింటి కల్పన నవ్వి, ఒళ్లోని చాటలోంచి ఆ బీడీ తీసి దారం విప్పింది. కోరుట్లలో ఆ వాడ ఆడవాళ్లంతా మల్లక్క నోటికి అలవాటుపడ్డవాళ్లే. బీడీ నడుం లావైతే ఒక తిట్టు, మూతి సరిగా మడవకపోతే రెండు. తిట్లు తిన్నవాళ్ల బీడీలను కార్ఖానాలో వెనక్కి కొట్టరు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు.

మల్లక్క మాత్రం బీడీలు చేసి మూడేళ్లయింది. ఎడమ చేత్తో తునికాకు మీద నీళ్లు చల్లి, తడి గోనెలో చుట్టి పెడుతుంది. అందుకు వాళ్లు ఇంత అన్నం పెడతారు. కుడి చెయ్యి ఎప్పుడూ మోకాలి మీద, పాత తువాల చుట్టుకుని ఉంటుంది. మూడు వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయాయి. బొటనవేలూ చూపుడువేలూ కదులుతాయి గానీ కదిలినప్పుడల్లా ప్రాణం పోయినంత పనవుతుంది. మణికట్టులో ఇనుప పట్టీ వేసిన చోట గాయం మానక చీము కారుతూనే ఉంది. ఆ ఇనుము తీసి లోపల కడగకపోతే విషం ఒంట్లోకి పాకుతుందని డాక్టరు చెప్పాడు. ఆ ఆపరేషను సర్కారు కార్డు మీద రాదట. నష్టపరిహారం చేతికొస్తే తప్ప ఆమెకు ఇంకో దారి లేదు.

"ఇయ్యాల కోర్టుల పేషీ గదా పెద్దమ్మా, ఇంక పోలే?" అంది కల్పన.

"పోతున్న. నేనచ్చేదాక మూతులు సక్కగ మడువుండ్రి."

ఆ పరిహారం సంగతి అడగాలంటేనే విసుగు. సిరిసిల్లలో ఉండే బిడ్డ సౌమ్య కాన్పుకని మూడేళ్ల కింద మల్లక్క పోతుంటే, ఆమె ఎక్కిన ఆటోను లారీ గుద్దింది. జగిత్యాల ట్రిబ్యునలు పరిహారం ఇమ్మని తీర్పిచ్చింది. లారీకి బీమా కట్టించుకున్న కంపెనీ ఊరుకుంటుందా? హైదరాబాదుకు అప్పీలుకు పోయింది. అక్కడ పెద్ద కోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి, ఈమె నిజంగా బీడీలు చేసే మనిషేనా, చెయ్యి నిజంగా పనికి రాదా, ఈ రెండూ మళ్లీ తేల్చమని ఫైలును జగిత్యాలకే తిప్పి పంపింది. ఫైలు ఇలా తిరుగుతుంటే చెయ్యి మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా కుళ్లుతూనే ఉంది.

మల్లక్క బస్సు దిగి కోర్టుకు చేరేసరికి సౌమ్య వరండాలో కూర్చుని ఉంది. టిఫిను డబ్బా విప్పి, తల్లికి ముద్ద ముద్దగా తినిపించింది. చిన్నప్పుడు తనకు ఆ కుడి చేత్తోనే తినిపించేది, తను అవ్వా అని పిలిచే ఈ తల్లి. సౌమ్య కళ్లు తుడుచుకుంది.

వకీలు జగదీశ్ చంకలో ఫైళ్లతో వచ్చాడు. "ఏదడిగినా చెయ్యి పనిచెయ్యదని చెప్పు. ఇంకో ముచ్చట వద్దు," అని, పక్క హాల్లో ఇంకో కేసు పిలుస్తున్నారని అటు పరుగెత్తాడు. చెడ్డవాడేం కాదు. ఒక్కడే నాలుగు కోర్టుల్లో ఉండాలనుకుంటాడు, అదే చిక్కు.

ఈలోగా మల్లక్క పేరు పిలిచారు. బోనెక్కింది. కంపెనీ వకీలు పేరు ఆనందం. పేరుకు తగ్గట్టే ఆయన ముఖంలో నవ్వు చెదరదు.

"అమ్మా, కార్ఖానోళ్లు ఇచ్చిన ఈ బీడీ కార్డు నీదేనా?"

"నాదే సారు."

"ఫోటో అంతా మసక మసకున్నది. ఒకళ్ల కార్డు మీద ఇంకొకళ్లు బీడీలు చేసుడు మీ దిక్కు ఉన్నదే గదా? నువ్వు అసలు బీడీలే చెయ్యలేదు. ఎన్నడు చెయ్యనిదానికి చెయ్యి ఇరిగితే ఏం నష్టం?"

మల్లక్కకు చెంప మీద కొట్టినట్టయింది. మొగుడు బుచ్చయ్య పోయినప్పుడు సౌమ్య చంటిపిల్ల. ఆ పిల్లను చాట పక్కన పడుకోబెట్టి, తంబాకు ఘాటుకు దగ్గుతూ, నడుం పట్టేసినా లేవకుండా చేసి చేసి ఇంతదాన్ని చేసింది. తిట్టినా పడేది. దొంగ అన్నా పడేదేమో. బీడీలు చెయ్యలేదంటాడా!

"నేనా సారు? నేను బీడీలు చెయ్యలేదా?"

ఆనందం జేబులోంచి చిన్న పొట్లం తీసి బోను అంచు మీద విప్పాడు. ఒక తునికాకు, చిటికెడు తంబాకు, దారం. "గట్లయితే ఒక్కటి చేసి చూపియ్యి. చేస్తే కార్డు నీదేనని నేనే ఒప్పుకుంట."

జడ్జి మేడం కళ్లద్దాల మీదుగా చూసింది. "ఇష్టమైతేనే చెయ్యమ్మా," అంది. అడ్డు చెప్పాల్సిన జగదీశ్ ఇంకా పక్క హాల్లోనే ఉన్నాడు.

తంబాకు వాసన తగిలింది. మూడేళ్ల తర్వాత తన పని తన ముందుకొచ్చింది. మల్లక్క తువాల విప్పింది. నీళ్ల సీసా అడిగి ఆకు తడిపింది, కత్తెర అడిగి ఎడమ చేత్తో కత్తిరించింది. వంకరపోయిన అరచేతిలో ఆకు పరిచి తంబాకు వేసింది. బొటనవేలితో నొక్కగానే భుజం దాకా మంట లేచింది. పళ్లు బిగబట్టింది. చెమట కారి కంట్లో పడింది. ఆకు జారింది, మళ్లీ పట్టుకుంది. దారం ఒక కొస పంటితో పట్టి ముడి బిగించింది. బొటనవేలి గోరుతో మూతి మడిచింది, ఒక్కో మడతా నొక్కి నొక్కి. ఆ ఒక్క బీడీ అయ్యే లోపు కల్పన ఒక కట్ట చేసి పక్కన పెట్టేది. అయినా చూడాలి ఆ బీడీని! నడుం సన్నంగా, మూతి గట్టిగా, ఏ కార్ఖానాలోనూ వంక పెట్టలేరు. బంట్రోతు కూడా మెడ చాచి చూశాడు. వెనక బెంచీలో సౌమ్య ముఖం వెలిగింది.

"జూడుండ్రి సారు. గిప్పుడేమంటరు?"

"కార్డు నీదేనమ్మా, ఒప్పుకున్న," అన్నాడు ఆనందం. జడ్జి వైపు తిరిగి, "పిటిషనరు ఆ చేతితోనే బీడీ చేసింది మేడం, రికార్డు చేసుకోండి," అన్నాడు.

టైపు చేసే అమ్మాయి వేళ్లు టకటకలాడాయి. మల్లక్కకు ఎక్కడో తేడా కొట్టింది. "ఒక్కటే గద సారు... దినాం వెయ్యి చేస్తెనే కూలి..."

"అడిగినదానికే జవాబు చెప్పమ్మా," అన్నాడు ఆనందం.

బీడీని కవరులో పెట్టి, నంబరు రాసి, మల్లక్కతో ఎడమ వేలిముద్ర వేయించుకున్నారు. అప్పుడే తలుపు దగ్గరికి ఆయాసపడుతూ వచ్చిన జగదీశ్ అక్కడే ఆగిపోయాడు.

"బీడీ ఎందుకు చేసినవమ్మా?" అన్నాడు వరండాలో.

"కార్డు నాదేనని ఒప్పుకున్నడు సారు! అందరి ముంగట ఒప్పుకున్నడు!"

"కార్డు నీదే. చెయ్యి గూడ మంచిగనే ఉన్నదని ఒప్పిచ్చుకున్నడు."

మల్లక్క తన చేతి వంక చూసుకుంది. మణికట్టు దగ్గర చీములో రక్తం కలిసి తువాల తడిసింది. మెట్ల మీద కూర్చుని దాన్ని మళ్లీ చుట్టుకుంది.

"అవ్వా, గా బీడీనన్నా కరాబు చెయ్యకపోతివా," అని ఏడ్చింది సౌమ్య.

"కరాబు చేద్దామన్నా చెయ్యి ఇనదు బిడ్డా," అంది మల్లక్క.

ఆ సాయంత్రం సౌమ్య తల్లిని సిరిసిల్లకు తీసుకుపోయింది. వారం తిరగకముందే మల్లక్కకు జ్వరం పట్టుకుంది, చెయ్యి భుజం దాకా నల్లబడింది. ఆస్పత్రిలో ఆలస్యమైందని చెప్పి ఇంటికి పంపారు. ఒక పొద్దున పక్కింటి మరమగ్గాల చప్పుడు మొదలైనా అవ్వ లేవలేదు; చాయ్ గ్లాసుతో వచ్చిన సౌమ్య ముట్టుకుని చూస్తే ఒళ్లు చల్లబడి ఉంది.

తర్వాత తీర్పు వచ్చింది. మల్లక్క బీడీ కార్మికురాలేనని రుజువైందని, ఆ పని ఇప్పటికీ చేయగలదని రాశారు. ఆస్పత్రి రసీదుల మేరకు ఏదో కొంత ఇమ్మన్నారు. జగిత్యాల కోర్టు ఇనుప బీరువాలో, నంబరు వేసిన కవరులో, ఎవరూ వెలిగించని బీడీ ఒకటి ఉంది. ఆకు ఎండి పెళుసైంది గానీ పంటితో బిగించిన ముడి ఇంకా వదులు కాలేదు.