ఎవరూ లేరన్న గడి

ఫిబ్రవరి నెల, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు చచ్చి పన్నెండు రోజులు. నేనూ మా అమ్మాయి లేటా ఉన్న ఒక్క కరెంటు హీటరునూ గది గదికీ ఈడ్చుకు తిరుగుతున్నాం. కొత్త ఫర్నేసుకు నా పన్ను వాపసే దిక్కు. బడి వంటగదిలో పనిచేసే ఒంటరి తల్లికి ఏడాదికోసారి చేతికందే పెద్ద మొత్తం అదే. అందులో సగానికి పైగా బిడ్డను పోషిస్తున్నందుకు వచ్చేదే.

ఫోనులో పంపిన పన్ను ఫారం మర్నాడే చెల్లదని తిరిగొచ్చింది. ఆ రోజు బడి భోజనంలో చిల్లీ అనే బీన్సు కూర, తీపి దాల్చినచెక్క రోల్సు. మూడొందల రోల్సు మీద పంచదార పాకం పోస్తూ ఫోను చూశాను. నేను పోషిస్తున్నానని రాసిన లేటా అప్పటికే తన పేరున విడిగా ఫారం వేసిందట. తనను పోషించేవాళ్ళు ఎవరూ లేరన్న గడి అందులో నొక్కిందట. పాకం బల్ల మీద పోసేశాను.

లేటాకు పదహారేళ్ళు. కిందటి జూలైలో మూడు వారాలు మొక్కజొన్న మొక్కల తలల మీది పూత తుంచే పనికి పోయింది. మా నెబ్రాస్కాలో పిల్లలందరి తొలి సంపాదనా అదే. తెల్లారకముందే బస్సెక్కడం, తడిసిన ఆకులు చేతులు కోస్తుంటే సాళ్ళ వెంట నడవడం. విత్తనాల కంపెనీ దాని కూలిలోంచి కోసుకున్న పన్ను అరవై ఒక్క డాలర్లు. అది వెనక్కి తెచ్చుకోవడానికి ఫోనులో అయిదు నిమిషాల్లో ఫారం నింపేసిందన్నమాట.

శనివారం లేటాను లైబ్రరీకి తీసుకెళ్ళాను. అక్కడ హ్రూబీ మాస్టారు ఊరందరి పన్ను ఫారాలూ ఉచితంగా చూస్తారు. రిటైరు కాకముందు బడిలో వ్యవసాయం పాఠాలు చెప్పేవారు, నాకు కూడా. ఆయన లేటా ఫోను చూసి నవ్వారు.

"ఈ వారం నువ్వు నాలుగోదానివమ్మా. ఆ గడి నొక్కితే డబ్బులెక్కువొస్తాయని బస్సులో ఎవడో చెప్పుంటాడు. నొక్కినా అరవై ఒకటే, నొక్కకపోయినా అరవై ఒకటే."

నాకు కాస్త ఊపిరాడింది. "మొక్కల తలలు తుంచమని పంపిస్తే నా తల తుంచావు కదే," అన్నాను. చిన్నపిల్ల, తెలియక చేసింది, అంతే కదా అనుకున్నాను.

"ఎవరూ చెప్పలేదు. పొరపాటూ కాదు," అంది లేటా.

"మరి?"

"చదివే నొక్కాను. నన్నెవరైనా తమ లెక్కలో చూపించుకోవచ్చా అని ఫారంలో అడిగారు. వద్దనిపించింది."

పక్క బల్ల దగ్గర ఇద్దరు ముసలివాళ్ళు కాగితాలు సర్దడం మానేశారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని తెలుసు. అయినా నా నోరు ఆగలేదు.

"నిన్ను పోషించేవాళ్ళు లేరా? మరి పొద్దున నువ్వు తిన్న గుడ్లెవరివి? ఆ కోటెవరు కొన్నారు? నీ పళ్ళకు తీగ కట్టించడానికి రెండేళ్ళు ఆదివారాలు కూడా పనికి పోయింది ఎవరే?"

"నువ్వే."

"మరి అట్లా ఎట్లా నొక్కావు?"

"పోయినేడు నువ్వేమన్నావ్? ఈ డబ్బు నీ వల్ల వస్తోందే, ఇందులోంచి నిన్ను బడి బ్యాండుతో చికాగో పంపిస్తానన్నావ్. నేను క్లారినెట్ మాస్టారికి వస్తానని చెప్పేశాను. తర్వాత ఆ డబ్బుతో వ్యాన్‌కు గేరుబాక్సు వేయించావ్. నాతో ఒక్క మాట చెప్పలేదు. గ్యారేజీ వాడి బిల్లు చూసి తెలుసుకున్నాను. నా పేరు చూపించి డబ్బు తెచ్చుకుంటావు, నాకిచ్చిన మాట మాత్రం లెక్కలోకి రాదు."

వ్యాన్ లేకపోతే నాకు ఉద్యోగం లేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తను అడుగుతున్నది వ్యాన్ గురించి కాదు. చెప్పి ఉంటే ఒప్పుకునేదేమో. చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు, అందుకే చెప్పలేదు. కన్నబిడ్డే ఏకు మేకై కూర్చుందని నాకు ఒళ్ళు మండుతోంది. నేనే ముందు దాన్ని మోసం చేశానన్నది అంతకంటే ఎక్కువ మండుతోంది.

"ఫర్నేసు సంగతి నీకు తెలుసా అప్పుడు?" అన్నాను.

"లేదు. జనవరిలో నొక్కాను. అప్పటికది బాగానే ఉంది." కోటు చేతులు వేళ్ళ మీదికి లాక్కుంది. "ఇంత చలి చేస్తుందని అనుకోలేదమ్మా."

హ్రూబీ మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని నా వైపు తిరిగారు. "ఇక ఫోనులో కుదరదు డార్లా. పిల్లది తన ఫారం సవరించి పంపాలి. నీది కాగితం మీద నింపి పోస్టులో పంపాలి. డబ్బొచ్చేసరికి జూన్ అవుతుంది."

జూన్‌లో ఫర్నేసు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆయన సవరణ ఫారం లేటా ముందు పెట్టారు. చివర్న ఎందుకు మారుస్తున్నారో సొంత మాటల్లో రాయమని నాలుగు గీతలు ఉన్నాయి. లేటా పెన్ను తీసుకుని చాలాసేపు రాసింది. అంత సేపు ఏం రాస్తోందో అనుకుంటూ కిటికీలోంచి పార్కింగులో గడ్డకట్టిన మురికి మంచును చూస్తూ కూర్చున్నాను.

మాస్టారు చదివి, నా వైపు చూసి, కాగితం నా చేతికిచ్చారు.

'నన్ను మా అమ్మ పోషిస్తుంది. పోయిన ఏడాదంతా నేను ఆమె ఇంట్లోనే ఉన్నాను, ఆమె తిండే తిన్నాను. ఎవరూ లేరని నేను చెప్పింది అబద్ధం. మా అమ్మ నాకు మాటిచ్చి తప్పింది, కోపంతో అలా చెప్పాను.'

"మొదటి మూడు వాక్యాలు చాలమ్మా," అన్నారు మాస్టారు మెల్లగా, లేటాతో. "చివరిది వాళ్ళకవసరం లేదు. కొట్టేయ్."

లేటా నా మొహం చూడకుండా పెన్ను చేతిలోకి తీసుకుంది. నేను ఆ చేతిని పట్టుకున్నాను. వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి.

"ఉంచండి మాస్టారూ," అన్నాను. "అదీ నిజమే."