నిన్నటి ఇడ్లీలు

ఆదిలక్ష్మమ్మకు ఇరవై ఆరేళ్ళుగా ఒక సందేహం ఉండిపోయింది. ఆ రోజు అత్తగారు గిన్నెడు వేయించిన ఇడ్లీ ముక్కలు తీసుకెళ్ళి వీధి కుక్కకు పోసేసింది కదా, అవి నిన్నటివని పోసిందా, పోతమ్మ ఇంటినుంచి వచ్చినవని పోసిందా? అడగడానికి అప్పుడు ధైర్యం లేకపోయింది. ధైర్యం వచ్చేనాటికి అత్తగారే లేకుండా పోయింది.

అప్పటికి వాళ్ళు పలాస పక్క పల్లె వదిలి గాజువాక వచ్చి నెల తిరగలేదు. భర్త శ్రీరామ్మూర్తికి పోర్టులో కలాసీ పని దొరికింది. పిల్ల అనూరాధకు ఏడాది నిండలేదు. తుఫాను వానకు రేకుల ఇల్లు కారి, కిరసనాయిలు స్టవ్వు తడిసి, రెండు రోజులు వంట లేదు. ఎదురింటి పోతమ్మ చేపలమ్ముకునే మనిషి. ముందురోజు తన పిల్లలకు వండిన ఇడ్లీలు మిగిలితే, వాటిని ముక్కలు కోసి, పెనం మీద కరకరలాడేలా వేయించి, స్టీలు గిన్నెలో పెట్టి తెచ్చింది. పది గంటలకు ఆ గిన్నె గూట్లో ఉంది. పదిన్నరకు అత్తగారు దాన్ని వీధిలో బోర్లించింది. కుళాయి దగ్గర బిందెతో నిలబడ్డ పోతమ్మ అంతా చూసింది. నిండీ నిండని బిందె ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

గిన్నె మాత్రం ఆదిలక్ష్మమ్మ దగ్గరే ఉండిపోయింది. అంచు మీద పోతమ్మ పేరు చెక్కి ఉంటుంది. ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగివ్వకూడదు, పిడికెడు పంచదారైనా వేసి ఇవ్వాలి. ఆ గిన్నెలో ఏం వేసి ఇస్తే సరిపోతుందో ఆమెకు ఎప్పుడూ తోచలేదు. ఒక పండక్కి గారెలు వేసి ఇద్దామనుకుంది, చాలదనిపించింది. ఇంకో పండక్కి రవికె గుడ్డ పెట్టి ఇద్దామనుకుంది, తప్పు ఒప్పుకుంటున్నట్టు ఉంటుందనిపించింది. పోతమ్మ దగ్గర చేపలు కొంటూనే ఉంది, వానల గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుతూనే ఉంది. గిన్నె మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. రెండు వీధుల అవతల సొంతిల్లు కట్టుకున్నప్పుడు గిన్నె కూడా సామాన్లతో వచ్చి అటక ఎక్కింది.

శ్రీరామ్మూర్తికి కిడ్నీలు పోయి రెండున్నరేళ్ళయింది. వారానికి మూడు రోజులు డయాలసిస్. చేతిలో సూదులు పెట్టే నరం మూసుకుపోతే మెడ దగ్గర గొట్టం వేశారు. రోజుకు అర లీటరు సీసాలో పట్టినన్ని నీళ్ళే తాగాలి. సాంబారు వద్దు, కొబ్బరి చట్నీ వద్దు, ఉప్పు వద్దు. క్రితం వారం డాక్టరు తల్లినీ కూతురినీ వరండాలోకి పిలిచి చెప్పాడు. గుండె బాగా బలహీనపడిందట. ఈ గొట్టం కూడా పాడైతే ఇంకోటి వేయడానికి చోటు లేదట. "తినడం మానేశారు. ఏది ఇష్టమైతే అది కొంచెం పెట్టండి," అన్నాడు.

అంతకుముందు వరకు ప్రతిదీ వద్దన్న మనిషి ఇష్టమైంది పెట్టమన్నాడంటే దాని అర్థం ఏమిటో ఆదిలక్ష్మమ్మకు తెలిసింది. అనూరాధకూ తెలిసింది.

ఇంటికొచ్చాక ఆదిలక్ష్మమ్మ ఆయన మంచం దగ్గర కూర్చుని అడిగింది.

"ఏటి తినాలనుంది మావా?"

"ఏటీ నేదు."

"ఏదో ఒకటి సెప్పు. రొయ్యలు తెమ్మంటావా?"

"ఒద్దే. ఏది తిన్నా బురద నములుతున్నట్టుంటంది." కాసేపటికి మళ్ళీ తనే అన్నాడు. "నోట్లో సప్పుడవ్వాల. ఇడ్లీ ఏపితే కరకరలాడతాది కదా, అలాగ."

"నువ్వు ఏపిన ఇడ్లీ ఎక్కడ తిన్నావు? మనింట్లో ఎప్పుడూ సెయ్యనేదు కదా."

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

వాళ్ళింట్లో అది ఎప్పుడూ చెయ్యకపోవడానికి కారణం ఉంది. సింహాద్రి అప్పన్నకు చూపించనిది ఆ ఇంట్లో ఎవరూ నోట పెట్టరు. నిలవున్నది అప్పన్నకు చూపించరు. కాబట్టి నిలవున్నది ఎవరూ తినరు. అత్తగారు పెట్టిన కట్టు అది. ఆమె పోయినా శ్రీరామ్మూర్తి తప్పలేదు. పోర్టులో క్యారియర్ విప్పినా ముందు కొండ ఉన్న వైపు తిరిగి, ఒక నిమిషం కళ్ళు మూసుకుని, అప్పుడే ముద్ద కలిపేవాడు. తోటి కలాసీలు నవ్వేవారు. "నీ అన్నం సల్లారిపోతంది బావా, అప్పన్నకి ఫోన్ సేసి సెప్పు," అనేవారు.

అనూరాధ పరవాడలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. నాన్న మాట విన్న రెండో రోజుకు ఎయిర్ ఫ్రైయర్ పట్టుకొచ్చింది. నూనె స్పూనుడు చాలంది. నల్లగా, లోపల సొరుగులాంటి బుట్టతో, వేడి గాలి బుసకొడుతూ ఉంటుంది అది. ఆదిలక్ష్మమ్మ దానికి కూడా పసుపు కుంకుమ పెట్టింది.

మొదటిసారి ఆవిరి మీద నుంచి దించిన ఇడ్లీలను అప్పుడే అప్పన్నకు చూపించి, ముక్కలు కోసి అందులో వేసింది. బుట్టకు అతుక్కుపోయాయి. గీకి తీస్తే పైన తోలులా, లోపల తడి పిండిలా ఉన్నాయి. మర్నాడు ఎక్కువసేపు ఉంచింది. సుద్ద ముక్కల్లా బిగుసుకుపోయాయి. శ్రీరామ్మూర్తి ఒకటి నోట్లో పెట్టుకుని, తిప్పి తిప్పి, తీసి పళ్ళెం అంచున పెట్టాడు.

"బాగోనేదని కాదే. నా నోరే సచ్చిపోనాది," అన్నాడు.

అనూరాధ ఫోన్లో చూసి చెప్పింది. "అమ్మా, వేడివి వెయ్యకూడదంట. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, ఒక రాత్రి ఉంచి, అప్పుడు కొయ్యాలంట. నిన్నటివైతేనే కరకరలాడతాయంట."

"రాత్రి ఉంటే నిలవ కదే."

"దేవుడికి ఫ్రిజ్ సంగతి తెలీదేటి?"

"అన్నీ తెలుసు. అందుకే కదా నా బయం."

ఆలోచించి ఆదిలక్ష్మమ్మ ఒక దారి కనిపెట్టింది. తెల్లవారకముందే లేచి స్నానం చేసి ఇడ్లీలు వండితే, ఫ్యాను కింద ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెడితే, సాయంత్రం పొద్దు గూకేలోగా వేయించొచ్చు. పొద్దు మారదు, రోజు మారదు, నిలవ కాదు. మంగళవారం డయాలసిస్ లేదు. ఆ రోజు అలాగే చేసింది. పది ఇడ్లీలు చల్లబడి, గట్టిపడి, డబ్బాలో కుదురుగా ఉన్నాయి. ఇంట్లో ఉన్న మినప్పప్పంతా వాటికే అయిపోయింది.

పదకొండింటికి ఆయనకు చలి పుట్టింది. రెండు దుప్పట్లు కప్పినా మంచం వణికింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గొట్టం చుట్టూ చీము పట్టిందన్నారు. ఇంజెక్షన్లు చేసి, బుధవారం మధ్యాహ్నానికి ఇంటికి పంపారు. డయాలసిస్‌కు శుక్రవారం రమ్మని చీటీ మీద రాసిచ్చారు. రాసిచ్చిన నర్సు ఆమె ముఖం వైపు చూడలేదు.

సోమవారం రాత్రి తాగిన గుక్కెడు గంజి తప్ప ఆయన కడుపులోకి ఏమీ పోలేదు. మంచం మీద పడుకోబెట్టి ఆదిలక్ష్మమ్మ వంటగదిలోకి వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీసి నిలబడింది. పది ఇడ్లీలూ అలాగే ఉన్నాయి. ఇప్పుడవి నిన్నటివి. పారేసి కొత్త పప్పు తెచ్చి, నానబెట్టి, రుబ్బి, పులియబెట్టి, వండేసరికి ఇంకో రోజు పడుతుంది. ఇంకో రోజు ఉందో లేదో ఆమెకు తెలియదు.

డబ్బా తీసుకుని గోడకున్న చెక్క మందిరం ముందు నిలబడింది. పటంలో అప్పన్న స్వామి ఎప్పటిలాగే గంధం ముద్దగా ఉన్నాడు. ఆ గంధం ఒలిచేది ఏడాదికి ఒక్క రోజు. మిగతా రోజులన్నీ ఒంటిమీద ఉన్నది ఉన్నట్టే ఉంచుకునే స్వామి ఒక రాత్రి ఆగిన ఇడ్లీకి నిజంగా అలుగుతాడా? లేక ఆ అలక అత్తగారిదేనా? ఇలా అడగడం కూడా తప్పేమోనని లెంపలు వేసుకుంది.

"అప్పన్నా, ఇవి నిన్నటివి. నీ దగ్గర దాచడం లేదు. తప్పయితే నా మీదే రాసుకో, ఆయన మీద రాయకు."

డబ్బా మూత తీసి ముందు పెట్టింది. గంట కొట్టడానికి చెయ్యి రాలేదు. కాసేపు ఉంచి తీసుకెళ్ళి, ఒక్కో ఇడ్లీని నాలుగు నిలువు ముక్కలు కోసింది. కత్తి ఏమాత్రం అంటుకోలేదు. స్పూను నూనె, చిటికెడు జీలకర్ర పొడి పట్టించి బుట్టలో పరిచింది. పన్నెండు నిమిషాలకు గంట మోగింది. బుట్ట లాగి కదిపితే ముక్కలు గలగలమన్నాయి. పైన గోధుమరంగు పెచ్చు, విరిస్తే లోపల తెల్లగా మెత్తగా ఉంది.

తలగడలు పెట్టి ఆయన్ని కూర్చోబెట్టింది.

"అప్పన్నకి సూపించేవా?"

"సూపించేను. నిన్నటివని సెప్పే సూపించేను."

ఆయన ముఖంలో నవ్వులాంటిది కదిలింది. "మా యమ్మ ఉంటే నిన్నూ అప్పన్ననీ ఇద్దర్నీ దులిపీసును."

ముక్క కొరికాడు. కరకరమన్న చప్పుడు ఆమెకు వినిపించింది. నెలన్నర తరువాత ఆ ఇంట్లో ఆయన తింటున్న చప్పుడు. ఒకటి తిన్నాడు. కళ్ళు మూసుకుని రెండోది తిన్నాడు. మూడోది చేతిలో పట్టుకుని ఆగాడు.

"ఇదే. పోతమ్మప్ప తెచ్చినవి ఇలాగే ఉన్నాయి."

"నువ్వు తిన్నావేటి అవి?"

"రాత్రి డ్యూటీ దిగొచ్చేసరికి నువ్వు గుంటని నిద్రపుచ్చుతన్నావు. గూట్లో గిన్నె ఉంది. ఆకలి. అప్పన్నకి సూపించకుండా నాలుగు ముక్కలు తినీసేను. ఆ సప్పుడు మా యమ్మ ఇన్నాది. ఏటి నముల్తన్నావురా అని వచ్చి, గిన్నె లాక్కుని తీసుకుపోయి పోసీసింది."

ఆదిలక్ష్మమ్మ చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. "అయితే అత్త పోసింది అందుకేనా?"

"ఏమో మరి. నిన్నటివనో, పోతమ్మప్పవనో, నాను ముందు తినీసేననో. నానూ అడగనేదు. ఆ సప్పుడే పట్టించీసింది నన్ను." దమ్ము తీసుకున్నాడు. "నీతో ఎప్పుడో సెప్పాల్సింది. నువ్వు ఇన్నాళ్ళూ పోతమ్మప్పని సూసి తలొంచుకుంటంటే, నాను సూస్తా ఊరుకున్నాను."

మూడో ముక్క సగం కొరికాడు. నమిలాడు గానీ మింగుడు పడలేదు. ఆమె గుడ్డ పట్టుకుంటే అందులో ఉమ్మేశాడు.

"సాలే. ఇంక పోదు. బాగున్నాయి గానీ, పోదు."

"ఇంకో ముక్క..."

"శుక్రవారం నాను ఆసుపత్రికి రాను. మీరు బతిమాలకండి."

ఆమె ఆయన కాళ్ళ మీద దుప్పటి సర్దింది, సర్దినదాన్నే మళ్ళీ సర్దింది.

"ఆ గిన్నె ఉందా?" అన్నాడు.

"అటక మీదుంది."

"ఇచ్చీసి రా. నాను ఉండగా ఇచ్చీ."

కుర్చీ వేసుకుని అటక మీద నుంచి గిన్నె దించింది. చింతపండు పెట్టి తోమితే మసక వదిలి పేరు తేలింది. పళ్ళెంలో ఎంగిలి పడనివి, బుట్టలో ఉన్నవి, అన్నీ అందులో వేస్తే అంచు దాకా వచ్చాయి. అనూరాధను నాన్న దగ్గర కూర్చోమని చెప్పి, గిన్నె మీద చెంగు కప్పుకుని బయలుదేరింది.

పోతమ్మ గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. మోకాళ్ళు పట్టేసి ఆమె మార్కెట్టుకు వెళ్ళడం మానేసి ఏడాదైంది. ఆదిలక్ష్మమ్మను చూసి జరిగి చోటిచ్చింది.

"రాయే లచ్చమ్మా. ఎలాగున్నాడు మీ ఆయన?"

"లాబం నేదప్పా."

పోతమ్మ తల ఊపింది. ఓదార్పు మాటలు చెప్పే అలవాటు ఆమెకు లేదు. ఆదిలక్ష్మమ్మ చెంగు తీసి గిన్నె ఆమె ఒళ్ళో పెట్టింది. పోతమ్మ గిన్నెను కాసేపు చూసింది. ముక్కలు పక్కకు జరిపి అంచు మీద వేలితో తడిమింది.

"నాకు సదువు రాదు గానీ, నా పేరులో గీతలు నాకు తెలుసు. ఇది కుక్క ఎత్తుకుపోయిందనుకున్నానే."

"నా దగ్గరే ఉందప్పా. ఆలస్యమైపోనాది."

"ఆలస్యమేటి. ఇచ్చినప్పుడు నా పెద్దగుంటడికి పాలపళ్ళు. ఇప్పుడు నాకే పళ్ళు నేవు." ముక్క ఒకటి తీసి వెలుగులో తిప్పి చూసింది. "నూనె కనపళ్ళేదు. దేనిమీద ఏపేవు?"

"గాలి మీద."

"గాలి మీద ఇడ్లీ ఏపేరంట. ఇంకేటి సూడాలో నాను." దవడకు మిగిలిన పళ్ళ వైపు ముక్కను తోసుకుని కొరికింది. వీధిలోకి వినిపించేంత చప్పుడయింది. మెల్లగా నమిలి మింగింది.

"నిన్నటివేనా?"

ఆదిలక్ష్మమ్మ తల ఎత్తి ఆమె ముఖంలోకి చూసింది.

"నిన్నటివే అప్పా."

"అదీ," అని పోతమ్మ గిన్నె లోపలికి తీసుకెళ్ళి, ముక్కలు పళ్ళెంలో పోసుకుని, గిన్నె కడిగి, తన గిన్నెల వరసలో బోర్లించుకుంది.