గుర్రం పుర్రె మోసే మనిషి

దీపం గాజును గుడ్డతో తుడిచి, ఎత్తి ఒకసారి చూసుకుని, గెథిన్ బెవన్ దాన్ని కిటికీలోంచి బయటికి అందించాడు. అవతలి చెయ్యి దీపం పుచ్చుకుని ఇత్తడి బిళ్ళ ఇచ్చింది. బిళ్ళను మేకుకు తగిలించాడు. మళ్ళీ ఇంకో దీపం, ఇంకో చెయ్యి. ఆ కిటికీ మరీ కిందికి ఉంటుంది. గనిలోకి దిగేవాళ్ళ మొహాలు అందులోంచి కనబడవు, చేతులే కనబడతాయి. నడుం మీద రాయి పడి పాతాళం నుంచి పైకి వచ్చేసినప్పటి నుంచీ గెథిన్ లోకం ఈ దీపాల గదే. మనుషుల్ని చేతుల్ని బట్టే గుర్తుపట్టేవాడు. ఇది గొప్ప విద్యేమీ కాదు, అక్కడ కూర్చుంటే ఎవరికైనా అలవాటైపోతుంది.

"ఏరా గుర్రం, పద్యం వచ్చిందా?" అంది ఒక చెయ్యి.

"వస్తోంది."

"ఎందాకా వచ్చింది? కార్డిఫ్ స్టేషను దాటిందా?"

"బండి ఆలస్యం అయ్యుంటుందిలే," అని వెనక ఎవరో అందుకున్నారు. "ఒరే గెథిన్, ఉత్తరాన ఆ కొండ మీద ఒక రాత్రి పడుకుంటే తెల్లారేసరికి పిచ్చివాడన్నా అవుతాడట, కవన్నా అవుతాడట. పోయి పడుకోరాదూ?"

"వీడు పడుకుంటే జలుబు చేసి లేస్తాడు!"

అందరూ నవ్వారు. గెథిన్ కూడా నవ్వాడు. నవ్వకపోతే ఇంకా ఏడిపిస్తారు.

సంగతేమిటంటే, ఆ సాయంత్రం మారీ ఊరేగాలి. ఆ లోయలో నడిశీతాకాలం వచ్చిందంటే మారీ రావాల్సిందే. చచ్చిన గుర్రం పుర్రెను కర్రకు గుచ్చి, కళ్ళ గుంటల్లో సీసా పెంకులు పెట్టి, రంగు రిబ్బన్లు కట్టి, తెల్ల దుప్పటి కప్పుతారు. దుప్పటి కింద ఒక మనిషి ఉండి తాడు లాగుతుంటే గుర్రం దవడలు టకటకమంటాయి. గుంపు ఇంటింటికీ వెళ్ళి లోపలికి రానిమ్మని పద్యం పాడుతుంది. ఇంట్లోవాళ్ళు తలుపు వేసుకుని, రానివ్వమని పద్యంలోనే తిట్టిపోస్తారు. వీళ్ళు మళ్ళీ తిడతారు. ఎవరికి మాట అందకపోతే వాళ్ళు ఓడినట్టు. బయటివాళ్ళు గెలిస్తే లోపల కేకు, వేడి బీరు. ఇదంతా క్రీస్తుకు ముందటి పిచ్చి అని చాపెల్ పాస్టరు ఏటేటా కోప్పడతాడు. కోప్పడి, తన వంతు కేకు తిని వెళతాడు.

ఇన్నేళ్ళూ గుంపుకి గొంతు వాట్కిన్ ప్రోసర్. దుప్పటి కింది మనిషి గెథిన్. వాట్కిన్ తిట్టిన తిట్టు మళ్ళీ తిట్టకుండా ఇల్లిల్లూ గెలుచుకుంటూ వెళ్ళి, వరసలో చివరిదైన తన ఇంటి ముందు మాత్రం ఆగిపోయేవాడు. ఎందుకంటే లోపల ఉన్నది అతని పెళ్ళాం మారెడ్. ఆ మహాతల్లి సొంత మొగుణ్ణి వానలో నిలబెట్టి, ఊరంతా గొడుగులేసుకుని చూస్తుంటే, పద్యం మీద పద్యం విసిరేది. లోయలో ఆ ఇంటి ముందు జరిగినంత తమాషా ఇంకెక్కడా జరగదు. దుప్పటి కింద చీకట్లో గెథిన్ ఒక్క ముక్క పోనివ్వకుండా వినేవాడు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, చాపెల్లో కూడా వెనక వరసలో పెదాలు ఆడించడమే గాని గొంతు ఎత్తింది లేదు. ఏడాదికి ఒక్క సాయంత్రం మాత్రం అతన్ని చూసి ఆడవాళ్ళు కేకలు పెట్టి పారిపోయేవాళ్ళు. ఆ సంతోషం ఏడాదంతా సరిపోయేది.

ఆ పద్యాలు ఎక్కణ్ణుంచి వస్తాయని వాట్కిన్ని ఒకసారి అడిగాడు.

"ఊపిరి ఎక్కణ్ణుంచి వస్తుందిరా? బయట నుంచేగా," అన్నాడు వాట్కిన్. "నాదే అని బిగబట్టావనుకో, చస్తావు. వదిలెయ్యి, మళ్ళీ వస్తుంది."

వసంతంలో వాట్కిన్ పోయాడు. దుమ్ము నిండిన ఊపిరితిత్తులు, ఆఖరికి ఆ ఊపిరే అందలేదు.

ఆ ఏడు గుంపులో పద్యం చెప్పేవాడు లేకుండా పోయాడు. మిగతా ఇళ్ళవాళ్ళు మంచివాళ్ళు, పాత పాట నాలుగు ముక్కలు పాడితే తలుపు తీసేస్తారు. మారెడ్ అలా తీయదు. కళ్ళెం పట్టుకుని గుర్రాన్ని నడిపించే డాన్ హాప్కిన్, ఆ ఇల్లు వదిలేద్దామన్నాడు. విధవరాలు, ఒంట్లో బాగాలేదు, ఎందుకు పాపం అన్నాడు. ఆమె దాకా ఆ మాట వెళ్ళింది. వెంటనే కబురు వచ్చింది: నా గుమ్మం దాటి పోతే, ఈ లోయలో మారీ చచ్చిపోయినట్టే, ఆ పుర్రెను వాట్కిన్ పక్కనే పూడ్చిపెట్టండి అని. గెథినే, ఎందుకన్నాడో తనకే తెలియదు, "నేను చెబుతాను" అనేశాడు.

అన్నాడే గాని, ఆ తరవాత ఒక్క ముక్క తట్టలేదు. గాజులు తుడుస్తూ ఆలోచించాడు, వత్తులు కత్తిరిస్తూ ఆలోచించాడు. వచ్చిందల్లా వాట్కిన్ పాడినదే. అవైతే గుండెల్లో కుక్కి ఉన్నాయి, వాటిని తోసుకుని కొత్తది రావడానికి చోటేదీ?

మధ్యాహ్నం పని దిగి, ఎప్పటిలాగే బస్తాలో బొగ్గు వేసుకుని మారెడ్ పెరట్లోకి వెళ్ళాడు. ఆమె వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉంది. లోపలికి రమ్మని టీ పోసింది. చేతికర్ర మీద ఒరిగి, టీ పోస్తూ రెండుసార్లు ఆగి ఆయాసం తీర్చుకుంది. పెదాలు నీలంగా ఉన్నాయి.

"నువ్వట గదరా నా మీదికి వచ్చేది?"

"అవును, పెద్దమ్మా."

"దవడలాడించేవాడివి, పద్యం చెబుతావా? ఇన్నేళ్ళు నీకు గొంతుందనే నాకు తెలీదు."

"డాక్టరు ఏమన్నాడు?"

"మాట మార్చకు. డాక్టరు పడుకోమన్నాడు. నేను పడుకుంటే మీ నోరు ఎవరు మూయిస్తారు?" కప్పు అతని ముందుకు తోసింది. "ఇదిగో విను. ముసల్ది, మొగుడు పోయాడు అని జాలి పాట పట్టుకుని వచ్చావంటే తలుపు తీయను సరిగదా, బొగ్గు కూడా ఇంకెవణ్ణన్నా తెమ్మంటాను. మా ఆయన్నే వానలో నిలబెట్టాను. నువ్వెంత?"

"జాలేం లేదు. అసలు పద్యమే రావడం లేదు పెద్దమ్మా," అని ఒప్పేసుకున్నాడు.

ఆమె అప్పుడు నవ్వలేదు. పొయ్యి వైపు తిరిగింది.

"ఆ తలుపుకి ఇటు నేను, అటు ఆయన. పెళ్ళయిన కొత్తలో ఇంట్లో నాతో రెండు మాటలు మాట్లాడటం రాదురా ఆయనకి. ఏడాదికోసారి ఆ తలుపులోంచే మాట్లాడేవాడు. తిట్లే అనుకో. నాకు అవే చాలేవి." శాలువా అంచుతో ముక్కు తుడుచుకుంది. "ఈ ఏడు అటువైపు ఎవరూ లేకపోతే ఎట్లా ఉంటుందో చూడలేనురా. అదీ సంగతి. లే, వెళ్ళు, నేను కేకు కొయ్యాలి."

అతను టీ కప్పు కింద పెట్టాడు. టోపీ తీసుకుని వచ్చేశాడు.

పొద్దు కుంకగానే మారీ బయల్దేరింది. సన్నగా చినుకు, పైన గాలి. మొదటి ఇళ్ళు తేలిగ్గానే తలుపులు తీశాయి. మారెడ్ ఇంటి ముందుకు వచ్చేసరికి వెనక జనం బాగా పోగయ్యారు. దుప్పటి కింద గెథిన్ ఒళ్ళంతా చెమట. డాన్ చేతికర్రతో తలుపు తట్టాడు.

ఇంటావిడ గొంతు లోపలినుంచి వచ్చింది. పలచగా ఉంది, కానీ పదును తగ్గలేదు.

"గుమ్మంలో గోల చేసే గుంపెవరయ్యా?
గుర్రానికి పళ్ళున్నాయి, గొంతేదయ్యా?
గడ్డి తినని గుర్రానికి గాదెలెందుకు?
పాట రాని పెద్దలకు పానమెందుకు?"

జనం ఈలలు వేశారు. డాన్ దుప్పటిని మోచేత్తో పొడిచాడు. గెథిన్ నోరు తెరిచాడు. వచ్చేసింది ఒక పద్యం, గడగడా వచ్చేసింది. నాలుగో పాదంలో ఉండగా అతనికే తెలిసింది, అది వాట్కిన్ది.

తలుపు అవతలినుంచి కేక: "దొంగ గుర్రం! అది మా ఆయన సొత్తురా! ఏ ఏడు పాడాడో కూడా నాకు తెలుసు. చచ్చినవాడి జేబులో చెయ్యి పెట్టి నా ఇంటికొస్తావా?"

జనం పగలబడి నవ్వారు. గెథిన్ చెవులు వేడెక్కాయి. అంతా అయిపోయిందనుకున్నాడు. నవ్వులు ఆగాయి. వాన మాత్రం దుప్పటి మీద పడుతోంది. ఎవరో చిన్నగా "పదండి పోదాం" అన్నారు. లోపల ఆమె దగ్గింది. దగ్గి, అటువైపు ఇక ఎవరూ లేరనుకుంటూ ఉంటుంది పాపం. అది తలుచుకోగానే గెథిన్కి ఏడుపు వచ్చింది. పద్యం కోసం వెతకడం మానేసి, ఊరికే గట్టిగా ఊపిరి వదిలాడు.

దుప్పటి కిందినుంచి, గుర్రం నోట్లోంచే, ఒక గొంతు లేచింది. డాన్ ఉలిక్కిపడ్డాడు.

"గొంతు ఉన్నవాణ్ణి మేము గోతిలో పెట్టాం,
గొంతు లేని ఎముక పట్టి గుమ్మమెక్కాం.
ఎముక పాడుతున్నదంటే ఎవరి ఊపిరో
ఎరిగి కూడా, ఇంటిదానా, ఎందుకీ పోరో!"

ఎవరూ ఈల వేయలేదు. మగవాళ్ళు టోపీలు తీశారు. అందరూ తలుపు వైపు చూస్తూ ఆమె జవాబు కోసం ఆగారు. జవాబు రాలేదు. ఇంకాస్త ఆగారు. గాలికి ఇంటి పైకప్పు పలకలు గలగలమన్నాయి.

"మాట అందలేదు! గుర్రం గెలిచింది!" అని అరిచాడు డాన్. అప్పుడు అందరూ ఒక్కసారి అరిచారు, అతని వీపు మీద చరిచారు, పుర్రెకు ముద్దులు పెట్టారు. గెథిన్ మాత్రం అరవలేదు. మారెడ్ మాట అందక ఊరుకునే మనిషి కాదు.

దుప్పటి తోసేసి తలుపు మీద చెయ్యి వేశాడు. తోయగానే తెరుచుకుంది.

గుమ్మం పక్కన, బూట్లు విప్పుకునేటప్పుడు కూర్చునే చిన్న పీట మీద మారెడ్ కూర్చుని ఉంది. తల గోడకు ఆనింది. కళ్ళు సగం మూసుకుని, పెదవి ఒక పక్కకు, ఎవరినో వెక్కిరించబోతున్నట్టు ఉంది. గెథిన్ ఆమె చేతిని పట్టుకున్నాడు. ఇంకా వెచ్చగానే ఉంది. చేతుల్ని ఎరిగినవాడు గనక, పట్టుకోగానే అతనికి తెలిసిపోయింది.

గుమ్మంలో అరుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. డాన్ కళ్ళెం వదిలేసి గోడకు చేరబడ్డాడు.

విన్నదా, వినలేదా? గెథిన్ మనసులో అదొక్కటే తిరుగుతోంది. బతుకులో ఒక్క పద్యం చెప్పాడు. అది చెప్పేసరికి అవతల ఎవరైనా ఉన్నారా, లేక మళ్ళీ పెదాలు ఆడించినట్టేనా? మోకాళ్ళ మీద కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అందరూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకపోయింది.

"గెథిన్," అన్నాడు డాన్ మెల్లగా. "గడియ చూడు."

తలుపు గడియ పూర్తిగా వెనక్కి లాగి ఉంది. ఆ లోయలో ఓటమి ఒప్పుకోవడానికి వేరే మాట లేదు. ఓడినవాళ్ళు తమ చేత్తో గడియ తీస్తారు, ముందుగా ఎవరూ తీసిపెట్టరు. అందులోనూ మారెడ్ అసలే తీసిపెట్టదు.

గెథిన్ తలెత్తి గదిలోకి చూశాడు. పొయ్యి ఎర్రగా మండుతోంది. దాని ముందు ఆమె వాలు కుర్చీ వెనక్కి జరిగి ఉంది, కాళ్ళ మీద కప్పుకునే కంబళి నేల మీద పడి ఉంది. అది లేకుండా నెలల తరబడి ఒక్క అడుగు వేయలేకపోయిన ఆమె చేతికర్ర, ఆ కుర్చీ వెనక వంపుకు తగిలించింది తగిలించినట్టే ఉంది.