దారి మూసిన చోట

ట్యాంకరు గన్నేరు చెట్ల పక్కగా నెమ్మదిగా సాగుతోంది. దాని వెనకాల నడుస్తూ కమలవ్వ రెండు చేతులతో పైపు బిగించి పట్టుకుని డివైడర్‌లోకి నీళ్ళు కొడుతోంది. నీటి ఊపు పెరిగినప్పుడల్లా ఆమె బక్క భుజాలు అదురుతున్నాయి. చీర మీద మొగుడి పాత చొక్కా, దాని మీద నారింజరంగు కోటు, తలకు తువ్వాల. నీళ్ళలో నానీ నానీ అరచేతులు తెల్లగా ఉబ్బిపోయాయి.

కరీంనగర్ బస్సు హారన్ కొడుతూ ఆమెను రాసుకుంటూ పోయింది.

"నీ కండ్లు కాకులు పొడువ! మనిషి కనవడ్తలేదారా?"

బస్సు ఎప్పుడో దాటిపోయింది. ఆ పెద్దరోడ్డు మీద కమలవ్వ తిట్లు ఎవరికీ వినపడవు. అయినా ఆమె మానదు. తిట్టకపోతే ఆమెకు అన్నం సయించదు.

తాముండే గడ్డమీది వాడ ఎదురుకు రాగానే ఆమె పైపు మడిచి గట్టిగా నొక్కింది. నీళ్ళు ఆగిపోయాయి. డ్రైవర్ సాయిచంద్‌కు ఇది అలవాటే. బండి ఆపకుండా ముందుకు పోనిచ్చాడు. అక్కడి చెట్లకు కమలవ్వ ఎన్నడూ నీళ్ళు పట్టలేదు.

అక్కడ ఒకప్పుడు దారి ఉండేది. రోడ్డుకు ఈ పక్క రేకుల ఇండ్లు, వెల్డింగు దుకాణాలు, కోళ్ళ అంగళ్ళు. ఆ పక్క బడి, బియ్యం దుకాణం, అద్దాల దవాఖానలు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కూడా వాడ ముందర డివైడర్‌ను తెంపి దారి వదిలారు. తర్వాత అవతల పెద్ద మాల్ లేచింది. మాల్ ముందర డివైడర్ తెరుచుకుంది, వాడ ముందర మూసుకుంది. నడుమెత్తు గోడ కట్టి, పైన ఇనుప ఊచలు బిగించి, లోపల మట్టి నింపి గన్నేరు నాటారు. వాడవాళ్ళు రోడ్డు మీద కూర్చుంటే పోలీసులు రెక్కలు పట్టి లేపారు. బడి పిల్లలు ఊచలెక్కి దూకడం నేర్చుకున్నారు. ముసలివాళ్ళు ఆ పక్కకు పోవడమే మానుకున్నారు.

ట్యాంకరు ముందర మోటార్‌సైకిల్ ఆగింది. సూపర్‌వైజర్ భానుప్రసాద్ దిగాడు.

"ఏం కమలవ్వా, గీడ చెట్లు ఎండుతున్నయ్. రేపు పెద్దసారు వస్తుండు. నీళ్ళు పట్టు."

"పట్ట."

"పట్టవా?"

"మా నోట్ల మన్ను గొట్టి నాటిన చెట్లకు నేను నీళ్ళు పట్ట సారూ. నువ్వే పట్టు."

"పనిల కెల్లి తీసేస్తే తెలుస్తది నీకు."

"తియ్యి! బెదిరిస్తున్నవా?"

సాయిచంద్ గబగబా దిగొచ్చాడు. ఆమె చేతిలోంచి పైపు లాక్కుని తానే నీళ్ళు కొట్టాడు. భానుప్రసాద్ చూసి, తల ఆడించి వెళ్ళిపోయాడు.

"నీ పని పోవద్దనే పట్టిన అక్కా," అన్నాడు సాయిచంద్. "ఇంట్ల బావ మందులు నీ జీతం మీదనే నడుస్తున్నయ్ గదా."

కమలవ్వ అతని చేతిలోంచి పైపు గుంజుకుంది. అతడన్నది నిజం కావడంతోనే ఆమెకు మరింత మండింది.

పెళ్ళయిన కొత్తలో రాజయ్య ఆమెను చెన్నూరు దగ్గరి పల్లె నుంచి ఈ పట్నానికి తీసుకొచ్చాడు. ఒళ్ళు వంచి బొగ్గు లారీలకెత్తాడు. పిల్లలు కలగలేదు. ఇంకో పెండ్లి చేసుకొమ్మని అతని అక్కలు పోరితే, "నాకు కమలి సాలు" అన్నాడు, అంతే. ఏండ్లు గడిచేసరికి బొగ్గుపొడి రొమ్ములో పేరుకుని ఊపిరి పట్టేసింది. ఇప్పుడు పది అడుగులు నడిస్తే కూర్చుంటాడు. ఆమె ఊరినంతా తిట్టి ఇంటికి పోతే, "ఇయ్యాల ఎవ్వల నెత్తిన మొగులు కూలింది?" అని నవ్వుతాడు.

ట్యాంకరు నింపుకుని మళ్ళీ వచ్చేసరికి ఎండ ముదిరింది. వాడ మొదట్లో నిలబడి పక్కింటి నవత చేతులూపుతోంది.

"కమలత్తా! మామకు దమ్ము ఆడ్తలేదు, జెల్ది రా!"

కమలవ్వ పైపు పడేసి ఉరికింది. రాజయ్య గడపకు ఆనుకుని నోరు తెరిచి గాలి కోసం పెనుగులాడుతున్నాడు. పెదవులు నీలమయ్యాయి. రోడ్డవతలి దవాఖాన బోర్డు గడపలోంచే కనబడుతోంది. నవత ఆటో పర్శరాములుకు ఫోన్ చేసింది. అతడు మాల్ మలుపు దగ్గర కార్ల నడుమ ఇరుక్కుపోయాడు.

"ముందటికి పోతలేదు, ఎనుకకు రాతలేదు!" అని అరుస్తున్నాడు ఫోన్లో.

"మంచమెయ్యిండ్రి," అంది కమలవ్వ.

రాజయ్యను నులకమంచం మీద పడుకోబెట్టి నలుగురు ఎత్తుకున్నారు. కమలవ్వ ముందు నడిచి రోడ్డు నడుమ చేతులు చాపి నిలబడింది. కార్లు ఆగలేదు, పక్కకు తప్పించుకుని పోయాయి. ఒకడు అద్దం దించి, "పాగల్ దానా, సస్తవా?" అన్నాడు. ఆమె పిడికిలితో కారు డిక్కీ మీద గుద్దింది. ఎట్లాగో డివైడర్ దాకా చేరారు. మంచాన్ని ఊచల మీదుగా ఎత్తబోతే మంచం కోళ్ళు ఊచల నడుమ ఇరుక్కున్నాయి. లాగితే అటు రావు, తోస్తే ఇటు పోవు.

"కమలీ," అన్నాడు రాజయ్య. "జర ఆగుమను."

అందరూ ఆగారు. అతడు ఎదుటి దవాఖాన అద్దాల వైపు కాసేపు చూశాడు. రొమ్ము ఒకసారి లేచింది, దిగింది. మళ్ళీ లేవలేదు.

కమలవ్వ ఏడవలేదు. తువ్వాల విప్పి అతని నోరు తుడిచింది. చుట్టూ జనం మూగారు, బండ్లు ఆగిపోయాయి. భానుప్రసాద్ వచ్చి గొంతు తగ్గించి అన్నాడు: "కమలవ్వా, జరిగింది జరిగింది. మంచం తియ్యిండ్రి. రోడ్డు జామయింది."

"పాణం ఉన్నప్పుడు ఆగలేదు గీ బండ్లు. ఇప్పుడు ఆగినయా? ఆగనియ్!" ఆమె గొంతు రోడ్డు అవతలి దాకా వినిపించింది. "మా ఆయన్ని ఇంటికి తీస్కపోత. మంచం మాత్రం తియ్య. రేపు నీ పెద్దసారును గీడ నిలవెట్టి సూపియ్యి."

రాజయ్యను చేతుల మీద ఎత్తుకుని వాడలోకి తీసుకుపోయారు. సాయంత్రం మంచం తియ్యడానికి భానుప్రసాద్ మనుషులు వచ్చారు గాని, ప్రాణం పోయిన మంచాన్ని ముట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు. రెండు కోళ్ళు ఈ పక్కకు, రెండు కోళ్ళు ఆ పక్కకు వేలాడేసుకుని అది ఊచల మీద అట్లాగే ఉంది. నులకలో రాజయ్య వీపు మేర పడిన గుంట ఇంకా లేవలేదు.